మొదట తీసిన గుడ్డు

మార్చి 20, సోమవారం

ఈ పుస్తకం ముందు వైపు కంపెనీది. తేదీ, ఇంటి నంబరు, బీట వెడల్పు, నా సంతకం. వెనక వైపు నాది. తిరగేసి పట్టుకుంటే తప్ప ఎవరికీ కనబడదు. తిరగేసి చూసే ఓపిక మా ఆఫీసులో ఎవరికీ లేదు.

ఇవాళ దరింకా పెద్దమ్మ ఇంట్లో మూడు గాజు పట్టీలు అంటించాను. వంటింట్లో ఒకటి, పడగ్గది మూల ఒకటి, వసారా గోడకు ఒకటి. బీటకు అడ్డంగా అగ్గిపెట్టెంత గాజు ముక్క పెట్టి రెండు చివర్లా ప్లాస్టర్ మెత్తితే, గోడ వెంట్రుకవాసి కదిలినా గాజు పుటుక్కుమంటుంది. నాకు యాభై నాలుగేళ్ళు. అందులో ముప్పై ఏళ్ళు సర్వేయర్‌గా ఈ గాజు ముక్కల్నే నమ్ముకుని బతికాను.

మా ఊరు యాసెనిక్‌లో ముప్పై ఒక్క ఇళ్ళు. ముప్పై ఖాళీ. బొగ్గు గని అంచు ఏడాదికేడాది జరుగుతూ ఊరి పెరట్లోకి వచ్చేసింది. జనమంతా కంపెనీ ఇచ్చిన ఫ్లాట్లకు పట్నం వెళ్ళిపోయారు. మిగిలింది మా అమ్మకు అక్క ఒక్కతే. ఎనభై మూడేళ్ళు, ఒక మోకాలి నొప్పి, నాలుగు కోళ్ళు.

"ఎప్పుడొస్తావు పెద్దమ్మా? నీ ఫ్లాటు తాళాలు నా జేబులోనే ఉన్నాయి. మూడో అంతస్తు, లిఫ్టుంది."

"ఈస్టర్ అయ్యాక."

"నీకు ఈస్టరేంటి? చర్చి గుమ్మం తొక్కి యాభై ఏళ్ళయింది."

"చర్చికి పోతానన్నానా? ఈస్టర్ అయ్యాక వస్తానన్నా. చెవులు కడుక్కుని విను."

ఈ ఊరి పోస్టాఫీసు ముప్పై ఏళ్ళు నడిపిన మనిషి. కమ్యూనిస్టు పార్టీ కార్డు ఇప్పటికీ సొరుగులో ఉంది. దేవుడి మాట ఎవరైనా ఎత్తితే ఒకటే జవాబు: "ముప్పై ఏళ్ళు ఉత్తరాలు పంచాను. ఆయన పేరున ఒక్కటీ రాలేదు, ఆయన దగ్గర్నించి ఒక్కటీ పోలేదు." నేనూ ఆ చేతి కిందే పెరిగాను. అందుకే నాకు ఆవిడ ఈస్టర్ పట్టుదల మింగుడు పడడం లేదు.

మార్చి 22

గాజులు మూడూ బాగున్నాయి.

మార్చి 27

తిహోమీర్ పిలిచాడు. మా సెక్షన్ ఇంజనీరు. ఈ ఊళ్ళోనే పుట్టాడు, బడిలో నా పక్క బెంచీ. ఇప్పుడు పెద్ద బల్ల వెనక కూర్చున్నాడు కాబట్టి కాస్త గొంతు పెంచి మాట్లాడతాడు.

"ఏరా మిలుతిన్, మీ పెద్దమ్మ ఇంకా ఆ గుడ్డు మీదే కూర్చుందా?"

"ఈస్టర్ దాటాక వస్తానంటోంది."

"మా అమ్మకీ ఉండేదిలే ఈ పిచ్చి. గుడ్ ఫ్రైడే పొద్దున్న ఎర్రరంగు వేసే ఉల్లిపొట్టు నీళ్ళలోంచి ఏ గుడ్డు ముందు తీస్తే అది ఇంటికి కాపరి. తినకూడదు, గుడ్లు ఢీకొట్టే పందెంలో పెట్టకూడదు, ఎవరికీ ఇవ్వకూడదు. ఏడాదంతా గూట్లో కూర్చుని ఇల్లు కాయాలి. మళ్ళీ కొత్తది వస్తేనే దానికి సెలవు." తిహోమీర్ పకపకా నవ్వాడు. "మన కంపెనీలో ఎవడైనా అంత డ్యూటీ చేస్తున్నాడా చెప్పు?"

నేనూ నవ్వాను. నవ్వుతూ ఉండగానే కొండవాలు కొలతల కాగితం నా ముందుకు తోశాడు. వాలు రోజుకు ఒక మిల్లీమీటరు జారుతోంది.

మార్చి 30

కింద వరస చూసి వచ్చాను. గనికి దగ్గరగా ఉన్న నాలుగిళ్ళు. తలుపులు, కిటికీలు ఎవరో ఊడదీసి పట్టుకుపోయారు. ఖాళీ ఇల్లు నాకు కొత్త కాదు, కానీ తలుపు లేని ఇంటి ముందు నిలబడితే ఎవరో మాట్లాడబోయి ఆగినట్టుంటుంది. కుక్కలు లేవు. పిచ్చుకలు కూడా లేవు. జనం లేని చోట పిచ్చుకలు ఉండవని నాకు ఇన్నాళ్ళూ తెలియదు.

ఆ వరసలో నాలుగో నంబరు మా ఇల్లు. అమ్మ పోయి పంతొమ్మిదేళ్ళు. నేను ఆ తర్వాత లోపలికి వెళ్ళలేదు. కంపెనీ కోసం కొలతలు కూడా బయటి నుంచే తీసి సంతకం పెట్టాను. దాని తలుపు ఎవరూ పీకలేదు. కిటికీ కూడా ఉంది. ఆ కిటికీ అద్దం శుభ్రంగా ఉంది.

వాన కడిగి ఉంటుంది అనుకున్నాను. కారెక్కాక గుర్తొచ్చింది, దుమ్ము లేనిది లోపలి వైపున.

వరస మొత్తానికి ఎర్రతెల్ల టేపు కట్టి, ప్రవేశం లేదని బోర్డు పెట్టి వచ్చాను.

ఏప్రిల్ 4

కోళ్ళు గూట్లోకి వెళ్ళడం మానేశాయి. సాయంత్రం అవగానే ప్లమ్ చెట్టెక్కుతున్నాయి. బావిలో చేద అడుగు తగిలింది. నీళ్ళు ఎటు పోయాయో తెలియదు.

పెద్దమ్మ మొక్కజొన్న రొట్టె, మీగడ పెట్టింది. కాపరి గుడ్డు ఎప్పటిలాగే పొయ్యి పక్కన గూట్లో, నీలం గీత ఉన్న చిన్న కప్పులో కూర్చుని ఉంది. ఏడాదికి రంగు వెలిసి ఇటుక పొడిలా అయింది. దాని మీద మూడాకుల గడ్డి అచ్చు. రంగు నీళ్ళలో వేసే ముందు గుడ్డుకు ఆకు అద్ది, చిరిగిన నైలాన్ మేజోడు ముక్కలో బిగించి కడుతుంది. చిన్నప్పటి నుంచీ అదే ఆకు.

"నీ గాజు ముక్కలు ఇంటిని ఆపుతాయేంట్రా?" అని అడిగింది.

"ఆపవు పెద్దమ్మా. కదిలితే చెప్తాయి."

"నాది చెప్పదు. ఆపుతుంది."

"నిజంగా నమ్ముతున్నావా?"

"నమ్మడమేంటి? మా అమ్మ పెట్టింది. వాళ్ళమ్మ పెట్టింది. ఒక్క ఏడు మానేసి ఏమవుతుందో చూద్దామని ఎవరికీ అనిపించలేదు. నాకూ అనిపించలేదు." కాస్త ఆగి, "నీకు అనిపిస్తోందా?" అంది.

ఇంకో రొట్టె ముక్క తుంచుకున్నాను.

ఏప్రిల్ 11, మంగళవారం

వాలు నిన్నటి నుంచి ఇవాళ్టికి నాలుగు మిల్లీమీటర్లు జారింది. కింద వరస గాజులన్నీ పోయాయి. శుక్రవారం పెద్ద వాన అంటున్నారు. గురువారం లోపు ముసలావిడను తీసుకురమ్మని తిహోమీర్ ఫోన్లో అరిచాడు. ఈసారి నవ్వలేదు.

భయంగా ఉంది. వెళ్ళి బతిమాలాను. ఎత్తుకుపోతానని కూడా అన్నాను.

"ఎత్తుకెళ్ళు. నీ నడుం విరిగితే నేనే మోసుకొస్తా మళ్ళీ." తర్వాత గూటి వైపు చెయ్యి చూపించింది. "అదక్కడ ఉన్నంతసేపు నేనిక్కడుంటా. కొత్తది రానీ, దాన్ని ఒళ్ళో పెట్టుకుని నీ లిఫ్టెక్కుతా. ఇల్లు మధ్యలో వదిలేసి పోతారా ఎవరైనా?"

"అది పోతే?"

"పోతే నేనూ పోతా. సరేనా?"

సరదాకే అంది. నేను సరదాగా తీసుకోలేదు.

ఏప్రిల్ 12

తీసేశాను. ఆవిడ మంచికే.

ఏప్రిల్ 13, గురువారం

నిన్న మధ్యాహ్నం ఆవిడ కునుకు తీస్తుండగా గుడ్డు తీసి, నా టిఫిన్ డబ్బాలో చేతిగుడ్డ చుట్టి పెట్టుకుని వచ్చాను. కప్పు ఖాళీగా వదిలాను. ఎంత తేలికగా ఉందో! లోపల సొన ఎండిపోయి ఉండలా అయింది. కదిపితే గలగలమంటుంది. ఇది గుడ్డు. కోడి పెట్టింది.

లేచి చూసుకుంటుంది, ఏడుస్తుంది, తిడుతుంది, మూట సర్దుకుంటుంది. పట్నం వెళ్ళాక తిరిగిచ్చేద్దామనుకున్నాను. రాత్రంతా ఆవిడ ఫోన్ కోసం చూశాను. రాలేదు.

పొద్దున్నే వెళ్ళాను. పెద్దమ్మ ఉల్లిపొట్టు ఏరుకుంటోంది. మామూలుగానే ఉంది. నేను కూర్చుని, అసలేమీ తెలియనట్టు గూటి వైపు చూశాను.

కప్పులో గుడ్డు ఉంది.

అదే వెలిసిన రంగు. అదే మూడాకుల అచ్చు. నీలం గీత ఉన్న కప్పులో, ఎప్పటి చోటే.

ఏదో సాకు చెప్పి కారు దగ్గరకు పరుగెత్తాను. డబ్బా తెరిచాను. నాది నా దగ్గరే ఉంది. చేతిలోకి తీసుకుని ఊపాను. గలగలమంది.  

తిరిగి లోపలికి వెళ్ళి అడిగాను. "కాపరి బాగానే ఉందా పెద్దమ్మా?"

"కూర్చునే ఉంది. కాళ్ళున్నాయా పోవడానికి?" అంది తలెత్తకుండానే. "దొంగ పడ్డా సరే, ఈ ఇల్లు కాపరి లేకుండా ఉండదు."

"ఏ దొంగ?"

"మాట వరసకన్నాను. రేపు రెండు గుడ్లు ముందు తియ్యాలి."

"రెండెందుకు?"

"ఒకటి నాకు, ఒకటి నీకు. ముసలాడివైపోతున్నావు, ఇంట్లో కాపరి లేదు."

నవ్వింది. కాలు చాపుకుంటూ మోకాలు పట్టుకుంది. ముందటి రోజు కన్నా బాగా కుంటుతోంది, చెప్పుల నిండా బురద. అడగాల్సింది. అడగలేదు. ఆ గుడ్డు వైపే చూస్తూ కూర్చున్నాను.

ఏప్రిల్ 14, గుడ్ ఫ్రైడే

తెల్లారినప్పటి నుంచి వాన. ఆఫీసులో ఉన్నాను. పన్నెండింటికి బయల్దేరి వెళ్ళి, ఏమన్నా సరే, ఎత్తుకొచ్చేస్తాను.

*

పదకొండున్నరకు కింద వరస జారిపోయింది. నాలుగిళ్ళూ.

*

పెద్దమ్మ ఇల్లు నిలబడే ఉంది. గాజులు మూడూ బాగున్నాయి. ఇంట్లో ఆవిడ లేదు.

ఏప్రిల్ 15

నిన్న సాయంత్రం నాలుగింటికి మా ఇంటి కప్పు కింద దొరికింది.

చేతికర్ర టేపు కట్టిన కర్రకు ఆనించి ఉంది. టేపు విప్పి లోపలికి వెళ్ళి, వెనక్కి తిరిగి మళ్ళీ కట్టింది. నా ముడి కాదు అది. పార్సిళ్ళకు వేసే ముడి.

అక్కడికెందుకు వెళ్ళిందని తిహోమీర్ అడిగాడు. కోళ్ళ కోసమేమో అన్నాను. రిపోర్టులో అదే రాసుకున్నాడు.

ఏప్రిల్ 16, ఈస్టర్ ఆదివారం

వాన వెలిసింది. మిగిలిన ఇళ్ళు క్షేమమో కాదో చూడమని నన్ను పంపారు. ఎండ కాస్తోంది. పట్నంలో గంటలు మోగుతున్నాయి, గాలి ఇటు తిరిగినప్పుడు వినిపిస్తున్నాయి. పండగ పూట ఆ ఊళ్ళో నేనొక్కణ్ణే.

పన్నెండో నంబరు కిటికీ గట్టు మీద ఎర్రగుడ్డు ఉంది.

కొత్తది. రంగు ఇంకా చెమ్మగా మెరుస్తోంది. ఇంటికి తలుపు లేదు, పొయ్యి లేదు, గోడల నుంచి తీగలు కూడా పీక్కుపోయారు. కిటికీ గట్టు మాత్రం తుడిచి, దాని మీద గుడ్డు పెట్టారు.  పెద్దమ్మా అని పిలిచాను. ఎందుకు పిలిచానో తెలియదు.

పద్నాలుగులో ఒకటి. పదిహేడులో ఒకటి. లెక్కపెట్టకూడదనుకుంటూనే వెళ్ళాను. పదకొండు ఇళ్ళలో పదకొండు. చచ్చిపోయిన మనిషి శనివారం నాడు ఇల్లిల్లూ తిరిగిందన్న ఆలోచన నా బుర్రలోకి వచ్చింది, నేను దాన్ని వెళ్ళగొట్టలేకపోయాను.

ఇరవై మూడో నంబరు గుడ్డు మీద పసుపు కోడిపిల్ల స్టిక్కరు ఉంది. దుకాణంలో పిల్లల కోసం అమ్మేది. దాన్ని చూసి అలాగే నేల మీద కూర్చుండిపోయాను. పెద్దమ్మ స్టిక్కరు అంటించే మనిషి కాదు. మళ్ళీ వెనక్కి వెళ్ళి అన్నీ చూశాను. ఒకటి ఉల్లిపొట్టు రంగు, ఒకటి డబ్బా రంగు, ఒకటి మరీ గులాబీ. గుమ్మాల ముందు బురదలో టైర్ల జాడలు, ఒక్కో ఇంటికి ఒక్కో రకం. ఊరొదిలి పోయినవాళ్ళే వచ్చారు. ఎవరికివారు, ఎవరికీ చెప్పకుండా. కూలగొట్టబోయే ఇళ్ళకు కాపరులను పెట్టి పోయారు. నాకు తెలిసి వాళ్ళలో చర్చికి వెళ్ళే వాళ్ళు ఇద్దరున్నారేమో.

పంతొమ్మిదో నంబరు తిహోమీర్ వాళ్ళ నాన్నది. అక్కడా ఉంది. కింద చుట్టిన కాగితం మా ఆఫీసు కాగితమే.

అప్పుడు వెళ్ళాను పెద్దమ్మ ఇంటికి. ఉల్లిపొట్టు గిన్నె చల్లారిపోయి ఉంది. పక్కన మేజోడు ముక్కలు విప్పి, ఉతికి, ఆరేసి ఉన్నాయి. పళ్ళెంలో అయిదు ఎర్రగుడ్లు. గూట్లో కప్పు, కప్పులో వెలిసిపోయిన ఆ పాత గుడ్డు. కొత్త కాపరి ఎక్కడా లేదు.

కారులో డబ్బా గలగలమంది. ఇంజను ఆపే ఉంది. గాలికి కారు ఊగి ఉంటుంది.

ఏప్రిల్ 18, మంగళవారం

పాదిరి లేకుండానే పూడ్చాం. ఆవిడ అలాగే చెప్పేది. పోస్టాఫీసు వాళ్ళు దండ తెచ్చారు.

మిలోయ్కా వచ్చింది. ఊళ్ళో పెద్దమ్మ పక్కింటావిడ, ఇప్పుడు పట్నంలో ఉంటోంది. డెబ్బై ఎనిమిదేళ్ళు. అందరూ వెళ్ళాక నా మోచెయ్యి పట్టుకుని పక్కకు లాగింది.

"కోళ్ళ కోసం వెళ్ళిందని రాయించావంట?"

"మరెందుకు వెళ్తుంది మిలోయ్కా పిన్నీ?"

"నీకు తెలీదా? నిజంగా తెలీదా? ఓరి భగవంతుడా!" అని, భగవంతుణ్ణి నమ్మని మనిషి చెంపలేసుకుంది. "మీ అమ్మ పోయినప్పటి నుంచీ ప్రతి ఏడూ రెండు పెట్టేదిరా. మొదటిది తన ఇంటికి, రెండోది మీ ఇంటికి. కిటికీ గట్టు మీద పెట్టి వచ్చేది, మధ్యమధ్య వెళ్ళి అద్దం తుడిచేది. ఎందుకే, ఎవరున్నారని అంటే, వాడెప్పుడైనా వస్తాడు, అప్పటిదాకా ఇల్లుండాలి కదా అనేది."

ఆవిడ నా మోచెయ్యి వదల్లేదు.

"శుక్రవారం పొద్దున్న ఫోన్ చేశాను. 'మొదటిది తీశా మిలోయ్కా' అంది. 'ఈసారి ఇది నాకు కాదు, మా చెల్లెలి ఇంటికి. రెండు రోజులుగా కాపరి లేకుండా ఉంది పాపం. దాని గుడ్డు నేను అరువు తెచ్చుకున్నా. వాన జోరు కాకముందే వెళ్ళి పెట్టేసొస్తా' అంది. నీదేమైందే అన్నాను. 'ఒక దొంగ ఎత్తుకెళ్ళాడులే' అంది."

మిలోయ్కా ముక్కు తుడుచుకుంది. "'దొంగేంటే, పోలీసులకు చెప్పు' అంటే నవ్వింది. 'మంచి దొంగేలే. ఈస్టర్ వెళ్ళాక వాడే తెచ్చిస్తాడు' అంది."

ఏప్రిల్ 19

గుడ్డు వల్ల ఏమీ జరగలేదు. వరస ఇది: వాన పడింది. నీళ్ళు వాలులోకి దిగాయి. మట్టి జారింది. ఇళ్ళు పడ్డాయి. ఇందులో గుడ్డు ఎక్కడా లేదు.

ఇంకో వరస ఇది: నేను గుడ్డు తీశాను. ఆవిడ మా ఇంటి గుడ్డు తెచ్చుకుంది. మా ఇంటికి కొత్తది పెట్టడానికి వెళ్ళింది. ఇందులో వాన లేదు, మట్టి లేదు.

రెండు కాగితాలనూ పక్కపక్కన పెట్టుకుని చూశాను. ముప్పై ఏళ్ళుగా ఇదే పని నాది. ఏది ముందు కదిలింది, దాని వల్ల ఏది కదిలింది, చూసి రాయడం. రెండో కాగితం ఆఫీసులో ఇవ్వలేదు.

ఆవిడ ఇల్లు పడలేదు. నేను అది తీయకపోయి ఉంటే, వాన వెలిసేదాకా పొయ్యి దగ్గరే కూర్చుని ఉండేది.

ఏప్రిల్ 20

నేను నమ్మను.

ఏప్రిల్ 21

నేను నమ్మను.

ఏప్రిల్ 24, సోమవారం

చచ్చిపోయినవాళ్ళ ఈస్టర్. ఊరి సమాధులన్నీ పోయిన శరదృతువులోనే పట్నం చివరకు తరలించారు. అన్నీ ఒకే ఎత్తు, ఒకే దూరం. ఆ కొలతలు కూడా నావే. జనం సమాధుల మీద పచ్చిక గడ్డలు పరిచి, రాతికి గుడ్డు కొట్టి, ఒకటి అక్కడ వదిలి, ఒకటి తిని, రకియా సారా పోసుకుని, పాత గొడవలు తవ్వుకుని తిట్టుకున్నారు. పన్నెండో నంబరువాడు పద్నాలుగో నంబరువాడితో అంటున్నాడు: "మనకెందుకోయ్ ఈ పాత చాదస్తాలు, పిల్లలు మానరు కాబట్టి గానీ." వాడు కూడా తల ఊపాడు. ఇద్దరి గుడ్లూ నేను చూశాను. చెప్పలేదు.

దొంగిలించిన గుడ్డు నా జేబులో ఉంది. పెద్దమ్మ సమాధి మీద పెడదామని వెళ్ళాను. పెట్టలేకపోయాను. అది ఆవిడది కాదు, ఇంటిది.

మే 9

పెద్దమ్మ ఇల్లు ఇవాళ కూలగొట్టారు. లోపల మనిషీ లేడు, వస్తువూ లేదు అని సంతకం పెట్టాల్సింది నేనే. బుల్డోజరు గేటు దగ్గర గుర్రుమంటూ నిలబడింది. అయిదు నిమిషాలన్నాను.

గాజులు మూడూ బాగున్నాయి. చేత్తో ఒక్కోదాన్నీ తడిమాను.

కప్పులోంచి అరువు గుడ్డు తీసి, దాని చోట నేనెత్తుకెళ్ళినదాన్ని పెట్టాను. ఈస్టర్ వెళ్ళాక వాడే తెచ్చిస్తాడని అంది కదా. "తెచ్చాను పెద్దమ్మా" అన్నాను, ఖాళీ వంటింట్లో, పైకే. ఏడుపొచ్చింది. ఏడ్చాను.

బయటికొచ్చి 'ఖాళీ' అని రాసి సంతకం పెట్టాను. ముప్పై ఏళ్ళ ఉద్యోగంలో తెలిసి రాసిన మొదటి అబద్ధం ఇది. రెండోది. కాదు, కోళ్ళ మాట మొదటిది.

ఇల్లు వెంటనే పడలేదు. బ్లేడు రెండుసార్లు వెనక్కి జారింది. డ్రైవరు దిగి, టోపీ తీసి, తల గోక్కుని మళ్ళీ ఎక్కాడు. "బాగా కట్టారు సార్" అన్నాడు. అవునన్నాను.

ఇప్పుడు నా దగ్గరున్నది మా ఇంటి కాపరి. ఇల్లు లేదు, కాపరి ఉంది. నా ఫ్లాటు గూట్లో పెట్టాను. పక్క గోడకు బీటేమీ లేదు. అయినా ఒక గాజు పట్టీ అంటించాను.

జూన్ 2

గాజు బాగుంది.

నవంబరు 30

గూట్లో గలగలమంది. కింద ట్రక్కు పోయింది కాబోలు. కిటికీలోంచి చూశాను. వీధి ఖాళీగా ఉంది.

గాజు బాగుంది.

తర్వాతి ఏడు, మే 3, గుడ్ ఫ్రైడే

పొద్దున్నే ఉల్లిపొట్టు ఉడికించాను. వెనిగర్ ఎంత పొయ్యాలో మిలోయ్కాకు ఫోన్ చేసి అడిగాను. ఎందుకని అడగలేదు ఆవిడ. "గ్లాసులో సగం. మేజోడు గట్టిగా బిగించు, లేకపోతే ఆకు అచ్చు చెరిగిపోతుంది" అని పెట్టేసింది. రెండు గుడ్లు వేశాను. వేళ్ళు ఎర్రబడ్డాయి. సబ్బుతో పోలేదు.

ఏడింటికి గని అంచుకు వెళ్ళాను. యాసెనిక్ ఇప్పుడు లేదు. కంచె ఉంది, కంచె అవతల గాలి ఉంది, డెబ్బై మీటర్ల కింద బొగ్గు ఉంది. దారి పొడుగునా కార్లు ఆగి ఉన్నాయి. ఎనిమిదో, తొమ్మిదో. ఒకదానికొకటి దూరంగా. ఒక్కో కారులో ఒక్కో మనిషి, చూపు తిన్నగా ముందుకు. ఎవరూ ఎవరినీ పలకరించలేదు. అంతమంది ఉన్నా, ఒక్క తలుపు చప్పుడు కూడా లేదు. 

కంచె దగ్గర తిహోమీర్ నిలబడి ఉన్నాడు.

"ఏంట్రా ఇక్కడ?" అన్నాడు.

"కొలతలు."

"సెలవు రోజునా?"

"నువ్వూ వచ్చావుగా."

"నేనూ కొలతలకే."

వాడి కుడిచెయ్యి కోటు జేబులోంచి బయటికి రాలేదు. నాదీ రాలేదు. కాసేపు ఇద్దరం గాలిలోకి చూశాం. ఆ గాలిలో వాళ్ళ నాన్న ఇల్లు ఎక్కడుండేదో వాడికి తెలుసు. మా వంటింటి కిటికీ ఎక్కడుండేదో నాకు మిల్లీమీటరుతో సహా తెలుసు.

"నువ్వటు తిరుగు," అన్నాడు తిహోమీర్.  "నువ్వటు తిరిగితే నేను పోతా."

తిరిగాను. కాసేపటికి వాడి కారు వెళ్ళిపోయింది. అప్పుడు కంచె కింద నుంచి చెయ్యి చాపి, మా కిటికీకి ఎదురుగా, మట్టిలో మొదటి గుడ్డు పెట్టాను. ఇంకా గోరువెచ్చగా ఉంది. ఆకు అచ్చు బాగా వచ్చింది.

రెండోది ఇంటికి తెచ్చి గూట్లో పెట్టాను. పాతదానికి సెలవివ్వాలి. ఇవ్వలేదు. రెండూ పక్కపక్కన ఉన్నాయి.

నేను నమ్మను. కానీ మొదట తీసింది నాకు పెట్టుకోలేను.